స్టాకు లేదని చెప్పిన కార్డు

మా ఆవిడకు ఫిట్స్ వస్తాయని పెళ్లికి ముందే నాకు తెలుసు. పెద్దవాళ్లెవరూ చెప్పలేదు, తనే చెప్పింది. ఉప్పల్‌లో ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే నా పక్కకు వచ్చి, "నాకు చిన్నప్పటి సంది ఫిట్స్ ఉన్నయి. గోలీలు ఏస్కుంటున్న. అయినా ఎప్పుడన్న ఒకసారి వస్తది. ఆలోచించుకొని చెప్పు" అంది. ఆ నిబ్బరం చూసే నేను సరేనన్నాను.

నేను నాచారం ఫ్యాక్టరీల్లో ఒక చిన్న యూనిట్‌లో ఎలక్ట్రీషియన్‌ని. డ్యూటీకి నడిచిపోయేంత దూరంలోనే రెండు గదుల అద్దె ఇల్లు. తను ఉప్పల్‌లో ఒక డీటీపీ సెంటర్‌లో తెలుగు టైపు చేసేది. పెళ్లిపత్రికలు, గృహప్రవేశం కార్డులు, చర్చి కూటాల కరపత్రాలు. తొంభైల చివరి మాట ఇది. ఆ రోజుల్లో కంప్యూటర్ మీద తెలుగు ఒత్తులు, గుడులు సరిగ్గా పడేలా కొట్టగలిగినవాళ్లు తక్కువ. ఆమె కొట్టిన పేజీలో తప్పు వెతకడం దండగని ప్రెస్సువాళ్లు అనేవారు.

ఒకరోజు మధ్యాహ్నం సెంటర్‌లోనే ఆమెకు ఫిట్స్ వచ్చింది. పెళ్లికార్డు కోసం వచ్చినవాళ్లు భయపడి బయటికి పరిగెత్తారట. రెండు రోజులకు సెంటర్ యజమాని మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"చెల్లె, నీ పనికి వంక పెట్టేది లేదు. కానీ కస్టమర్లు బుగులు పడుతున్రు. ఇంట్ల కంప్యూటర్ పెట్టుకో. పని నేనే పంపిస్త. ఫ్లాపీల వేసి పంపు, చాలు" అన్నాడు.

అతను వెళ్లాక ఆమె ఆ కుర్చీ తీసి గోడకు చేర్చింది. తర్వాత, "పెట్టుకుందాం" అంది.

అప్పట్లో కంప్యూటర్ అంటే సామాన్లు విడివిడిగా కొని బిగించుకోవడమే మాలాంటివాళ్లకు దారి. ఆ బాధ్యత ఆమె అన్న తీసుకున్నాడు. నాకు బావ. ఏఎస్ రావు నగర్ దగ్గర ఉండేవాడు, కంప్యూటర్లు రిపేరు చేయడం ఆయన ఉద్యోగం. మానిటర్, కీబోర్డు, పెట్టె తనే సంపాదించాడు. మిగతావి ఒక కాగితం మీద రాసి నా చేతికిచ్చాడు. అందులో ఒక్క వరుస కింద రెండు గీతలు కొట్టాడు. అది గ్రాఫిక్స్ కార్డు.

"బావా, మిగతావి ఏవైనా పర్వాలే. ఇది మాత్రం మంచిది తీస్కో" అన్నాడు. "తెర మీద బొమ్మ ఊకె నిలవడి ఉండది. కార్డు దాన్ని సెకండుకు ఇన్నిసార్లని మల్ల మల్ల గీస్తనే ఉంటది. చెల్లె పేజీ మొత్తం సూసుకుంట పనిచేస్తది. గట్ల పెడితే చిన్న కార్డుకు దమ్ము సరిపోదు. ఒక గీత ఇడిసి ఒక గీత గీస్తది. తెర వణుకుతది. చెల్లెకు గది మంచిది గాదు."

దవాఖానాలో డాక్టరు కూడా అదే మాట అన్నాడు. అదురుతూ ఉండే వెలుతురు కొందరికి పడదని, ఈమెకు పడుతుందో లేదో చెప్పలేనని, జాగ్రత్తగా ఉండడం మంచిదని. నేను పక్కనే కూర్చుని విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి లేదు.

ఒక శనివారం సెలవు పెట్టి ఒక్కణ్ణే సికింద్రాబాద్ వెళ్లాను. కంప్యూటర్ సామాన్ల దుకాణాలు వరుసగా ఉన్న సందులో ఒక దుకాణం. కౌంటర్ మీద బావ చెప్పిన కార్డు పెట్టాడు దుకాణదారు. దాని పక్కనే ఇంకో చిన్న కార్డు పెట్టాడు.

"అన్నా, ఇది తీస్కుంటే మిగిలినదాంట్ల సీడీ డ్రైవు, సౌండు కార్డు, స్పీకర్లు వస్తయి. అది తీస్కుంటే ఉత్త కార్డే. ఇంట్లకు కంప్యూటర్ అన్నంక పాటలు గిట్ల ఉండొద్దా?"

రెండూ కొనే తాహతు నాకు లేదు. కానీ ఆ స్పీకర్లు చూశాక నా మనసు అక్కడే ఉండిపోయింది. మా యూనిట్‌లో సూపర్‌వైజర్ ఇంట్లో అలాంటి కంప్యూటరే ఉండేది. పండక్కి పిలిచి దాంట్లో పాటలు వినిపించాడు. మేమంతా వరుసగా నిలబడి విన్నాం. మా ఇంటికి కూడా నలుగురు అలా వస్తే బాగుండునని అప్పట్నుంచి నాలో ఉంది.

"ఈ చిన్నదాంట్ల తెర వణుకుతదా?" అని అడిగాను.

"పేజీ పెద్దగ పెడితే జర వణుకుతది. అలవాటైతది" అన్నాడు. నిజమే చెప్పాడు పాపం. రెండు కార్డులూ మార్చి మార్చి పెట్టి చూపించాడు. తెరకేసి తేరిపార చూశాను. నాకు తేడా ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడం నాకు హాయిగా అనిపించింది. చిన్న కార్డు, స్పీకర్లు తీసుకుని బస్సెక్కాను.

ఇంట్లో ఎదురుచూస్తున్న ఇద్దరితో, "నువ్వు జెప్పిన కార్డు స్టాకు లేదు బావా. ఇది గూడ మంచిదే అన్నరు" అన్నాను. బావ ముఖం కాస్త ముడుచుకుంది కానీ అనుమానించలేదు. ఆయన అలా అనుమానించే మనిషి కాదు. తన చేత్తోనే దాన్ని బిగించాడు.

మొదటి వారం మా ఇంట్లో పండగే. వాడకట్టులో అందరూ వచ్చి పాటలు విని వెళ్లారు. నేను స్పీకర్ల మీద దుమ్ము పడకుండా తువ్వాలు కప్పేవాణ్ణి. రెండో వారం ఆమె పనికి కూర్చుంది. అరగంటకోసారి లేచి వచ్చి వాకిట్లో నిలబడి, అరచేతులతో కళ్లు అదుముకునేది.

"ఏందో, పాడైన ట్యూబులైటు కింద కూసున్నట్టు ఉన్నది. ఎదురుంగ సూస్తె ఏం లేదు. పక్కకు తిరిగితె కొట్టుకుంటున్నట్టు కనవడుతది" అంది.

"కొత్త గదా. అలవాటైతది" అన్నాను. దుకాణదారు మాటనే నా మాటగా చెప్పాను.

ఆమె మళ్లీ వెళ్లి కూర్చుంది. నా మాట నమ్మింది. అలవాటు చేసుకోవడానికి ప్రయత్నించింది.

తర్వాత నెల ఒక చర్చి కూటాల కోసం పెద్ద పని వచ్చింది. పాటల పుస్తకం. త్వరగా కావాలన్నారు. మూడు రోజులు తెల్లవారకముందే లేచి కూర్చుంది. మూడో రోజు నేను మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిస్తే పలకలేదు. తోసి చూస్తే ఆమె బల్ల మీదికి ఒరిగిపోయి ఉంది. కుర్చీ కాళ్లు నేలమీద టకటకా కొట్టుకుంటున్నాయి. నుదురు బల్ల అంచుకు తగిలి రక్తం కారుతోంది. ఒక మోచెయ్యి కీబోర్డు మీద నొక్కుకుపోయి ఉంది. తెర మీద ఒకే అక్షరం, వరుస తర్వాత వరుస, పేజీ తర్వాత పేజీ, పరుగెత్తుతూనే ఉంది.

ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టాను. ఏం చేయాలో పెళ్లయిన కొత్తలో తనే నేర్పింది. నా చేతులు తమ పని చేశాయి. నా కేక విని వచ్చిన పక్కింటామె ఆటో తెచ్చేదాకా ఆ తెరను ఆపాలని కూడా తోచలేదు.

దవాఖానాలో నుదుటికి కుట్లు వేశారు. డాక్టరు అన్నీ అడిగాడు. నిద్ర సరిగ్గా లేదు. ఒక పూట గోలీ కూడా మర్చిపోయింది. "దేని వల్ల వచ్చిందో చెప్పలేం. నిద్ర కావచ్చు, గోలీ కావచ్చు, తెర కావచ్చు. అన్నీ కలిసి కూడా కావచ్చు" అన్నాడు. ఆ మాట పట్టుకుని వేలాడాలని నేను చాలా ప్రయత్నించాను.

మరునాడు బావ వచ్చాడు. చెల్లెలి కట్టు చూసి, నేరుగా వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెరకు పక్కగా గోడవైపు చూస్తూ కాసేపు ఉన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"బావా, స్టాకు లేదన్నవు గదా. అదే దుకాణంల అదే వారం మా దోస్తు తెచ్చుకున్నడు ఆ కార్డు."

ఆమె మంచం మీద మెలకువగానే ఉంది. ఇద్దరూ నావైపే చూస్తున్నారు. అప్పుడు చెప్పాను. స్పీకర్ల సంగతి, దుకాణదారు చెప్పిన సంగతి, నాకు తేడా కనపడని సంగతి. బావ లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ నాతో మామూలుగా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"నీకు తేడా కనవడలేదు. సరే. కూసునేది నేను గదా, నన్నెందుకు తీస్కపోలే?" అంది.

అబద్ధం కంటే ఆ ప్రశ్నే నన్ను ఎక్కువగా కుదిపింది. ఆమె కోసమే కొంటున్న వస్తువును ఆమెకు చూపించి కొనాలని నాకు గానీ, బావకు గానీ, ఒక్క క్షణం కూడా తట్టలేదు.

కుట్లు విప్పాక ఇద్దరం కలిసి సికింద్రాబాద్ వెళ్లాం. చిన్న కార్డు, స్పీకర్లు, డ్రైవు, సౌండు కార్డు తిరిగి ఇచ్చేశాం. దుకాణదారు బావ రాసిన కార్డు తీసి పెట్టాడు.

"అదొక్కటే గాదు, ఇంకేమున్నయో అన్నీ పెట్టన్నా" అంది ఆమె.

నేను తెరకేసి సూటిగా చూసినట్టు ఆమె చూడలేదు. ముఖం గోడవైపు తిప్పి కంటి చివరతో చూసింది. పేజీ మొత్తం కనపడేలా పెట్టించింది. తెల్ల పేజీ మీదే చూపించమంది. ఒక్కొక్కదాని ముందు కూర్చుని, "ఇది కొట్టుకుంటున్నది... ఇది గూడ... ఇది కొంచెం నయం" అంటూ పోయింది. ఎక్కువైనట్టు అనిపిస్తే లేచి బయటికెళ్లి, కాసేపు గాలి పీల్చుకుని మళ్లీ వచ్చేది. వెనక వేరే కస్టమర్లు విసుక్కుంటున్నా లేవలేదు. చివరికి బావ రాసినది కాకుండా ఇంకో కంపెనీది, ఎవరో వాడి తిరిగిచ్చినది, పట్టుకుంది.

"ఇది నిలవడ్డది. నాకు ఇది చాలు" అంది.

ఆ కార్డుతోనే ఆమె ఏళ్ల తరబడి పనిచేసింది. ఫిట్స్ పూర్తిగా పోలేదు. ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ కంప్యూటర్ ముందు కాదు. ఇంట్లో ఆ రోజు వచ్చింది ఆ చిన్న కార్డు వల్లేనా అన్నది ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. ఆమె ఎప్పుడూ నన్ను దెప్పలేదు. కానీ నేను బజారు నుంచి వచ్చి ఏదో దొరకలేదని చెబితే, ఒక్క క్షణం ఆగి నా ముఖంలోకి చూసేది. ఆ ఒక్క క్షణాన్ని నేను కాదనలేను.

తను పనిచేస్తుంటే పక్కన ఎవరూ నిలబడకూడదు, చిరాకు. అందుకని సెలవు రోజుల్లో నేను వాకిట్లో అరుగు మీద కూర్చునేవాణ్ణి, చేతిలో పేపరు పట్టుకుని. లోపల కీబోర్డు చప్పుడు వినపడుతూ ఉంటే చదివేవాణ్ణి. ఆగితే పేపరు పక్కన పెట్టి లేచేవాణ్ణి.

"ఒత్తు యాడ వెట్టాల్నో ఆలోచిస్తున్న. కూసో" అనేది లోపలి నుంచి.