బెలార్మీనోని మేస్త్రీ అన్నారు

మలల్కావెయో ఊరు దాటాక కొండదారి రెండో మలుపులో పోలీసులు బండ్లను ఆపేస్తున్నారు. పైన మోకాలి లోతు మంచు. టైర్లకు గొలుసులు లేనిదే ఎవరూ పార్కు వైపు కదలడానికి వీల్లేదు. అందుకే గొలుసులు కట్టేవాళ్ళు నలుగురు అక్కడే భుజాలు ముడుచుకుని కాచుకుని ఉంటారు. వాళ్ళలో పెద్దవాడు బెలార్మీనో. అక్కడ జూలై అంటే నడి చలికాలం. ఆ జూలై ఉదయం వరసలోకి ఒక నీలం వ్యాను వచ్చి ఆగింది. పడకలూ పొయ్యీ లోపలే ఉన్న ఇల్లులాంటి బండి. దాని పొగగొట్టానికి టోపీలా బిగించిన పాలడబ్బా మూత చూసి బెలార్మీనో చేతిలోని గొలుసు జారవిడిచాడు.

"ఏంటయ్యా, దెయ్యాన్ని చూశావా?" అన్నాడు పక్కవాడు.

"అది నా బండి."

"నీ బండైతే నువ్వు నేలమీదెందుకున్నావు?"

ఒకప్పుడది రొట్టెల బండి. కురాకౌతిన్ ఊళ్ళో ఒక బేకరీ వాళ్ళు వదిలించుకున్న తుక్కు. బెలార్మీనో అప్పట్లో కలప మిల్లులో పనిచేసేవాడు, వడ్రంగం తెలిసినవాడు. రెండేళ్ళ ఆదివారాలన్నీ దానికే ధారపోసి లోపల మంచాలు బిగించాడు, గోడల మధ్య గొర్రె ఉన్ని కూరాడు. మంచు ప్రయాణాల మీద పుస్తకాలు రాసేవాళ్ళు తెల్లదనం గురించి పేజీలకు పేజీలు రాస్తారు గానీ, బండిలో పడుకునేవాడి అసలు శత్రువు వాడి ఊపిరేనని ఒక్కరూ రాయరు. అది రేకుకు తగిలి గడ్డకడుతుంది, పొయ్యి రాజేయగానే కరిగి మొహం మీద కారుతుంది. ఉన్ని కూరిన ఆ బండిలో చుక్క కారేది కాదు.

కాగితాలు మాత్రం నిబాల్దో పేరు మీద ఉండేవి. ఎందుకంటే బెలార్మీనోకి లైసెన్సు లేదు, తోలేది నిబాల్దోనే. పైగా బెలార్మీనో కూతురు మిరేయాకి జ్ఞానస్నానం నాడు చేతుల్లో ఎత్తుకున్న జ్ఞానపిత అతనే. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరికొకరు కొంపాద్రె. అక్కడ ఆ వరస ముందు తోడబుట్టినవాళ్ళు కూడా దిగదుడుపే. ఆ మాట ఉన్నచోట కాగితాల సంగతి ఎవరడుగుతారు? తొమ్మిది చలికాలాలు రెండు కుటుంబాలూ ఆ బండిలోనే కొంగియీయో అడవికి వెళ్ళి, అక్కడి అరౌకారియా చెట్ల గింజలు ఉడకబెట్టుకు తింటూ, మంచులో పిల్లల్ని దొర్లించారు.

ఏడేళ్ళ కిందట నిబాల్దో అన్నాడు: "ఈ ఒక్క చలికాలం సాంతియాగో నుంచి టూరిస్టుల్ని తిప్పుతాను కొంపాద్రే. కుదురుకోగానే కబురంపుతా. నువ్వు లేకుండా ఈ బండి ఎవడు చూస్తాడు?"

కబురు రాలేదు. మిల్లు మూతపడింది. బెలార్మీనో గొలుసుల పనిలో చేరాడు. "ఇంక రాడులే" అని పెళ్ళాం అంటే, "రోడ్డు తెరిచుండదు" అనేవాడు, నడివేసవిలో కూడా. అతనికి కావలసింది వాటా కాదు. ఏదో ఒక రోజు ఆ బండి తలుపు తెరుచుకుని "రా, ఎక్కు" అంటే చాలు.

తలుపు తెరుచుకుంది. నిబాల్దో దిగాడు. ఒళ్ళు చేశాడు, ఎర్ర కోటు. బెలార్మీనో మొహం మీద ఆగిన చూపు మెల్లగా టైరు మీదికి జారింది.

"మేస్త్రీ, వెనక రెండింటికీ కట్టండి. కాస్త తొందరగా."

వాళ్ళ భాషలో 'మాయెస్త్రో' అనే ఈ మాటకు తోబుట్టువే ఓడలెక్కి మన రేవులకూ వచ్చి, మేస్త్రీగా గోడలు కట్టేవాడికి పేరైంది. ఇక్కడైనా అక్కడైనా, పేరు అక్కర్లేని పనివాణ్ణి పిలవడానికి ఇంతకంటే మర్యాదైన మాట లేదు. బెలార్మీనో మంచులో మోకాళ్ళేశాడు.

కిటికీలోంచి ఒక యాత్రికురాలు తల బయటపెట్టింది. "నిబాల్దోగారూ, ఈ చెక్కపని ఎంత బాగుందండీ! ఎవరు చేశారు?"

"ఇంకెవరు? నేనే, ఈ రెండు చేతుల్తో."

"గోడల్లో ఏం కూరారు సార్?" అని టైరు పక్కనుంచి అడిగాడు బెలార్మీనో.

"థర్మోకోలు. మీరు పని కానివ్వండి మేస్త్రీ."

కొక్కెం పెడుతూ బెలార్మీనో ఇంకో దారి తెరిచాడు. "మిరేయాకి పెళ్ళయింది. గుళ్ళో జ్ఞానపిత కుర్చీ ఖాళీగానే ఉంచింది."

"మిరేయా ఎవరు?"

"మా అమ్మాయి."

"ఓహో. చాలా సంతోషం మేస్త్రీ, శుభం!" అంటూ నిబాల్దో చేతితొడుగుతో అతని భుజం తట్టి బండెక్కాడు.

గొలుసు కట్టగానే పని అయిపోదు. బండి పది గజాలు నడిచి ఆగాలి, వదులైన గొలుసును మళ్ళీ బిగించాలి. లేకపోతే పోలీసు వెళ్ళమని చెయ్యి ఊపడు. వ్యాను పది గజాలు వెళ్ళి ఆగింది. బెలార్మీనో లేచి, మోకాళ్ళ కింద వేసుకున్న గోనెపట్టా దులిపి చంకలో పెట్టుకున్నాడు.

"మేస్త్రీ! బిగించాలి కదా!"

బెలార్మీనో పల్లం వైపు తిరిగాడు.

"మేస్త్రీ!" వెనక బండ్లు హారన్లు మోగిస్తున్నాయి. పోలీసు కూడా వస్తున్నాడు. నిబాల్దో సగం దాకా కిటికీలోంచి బయటికి వంగాడు. "నిన్నే కొంపాద్రే! నాకీ పని చేతకాదని నీకు తెలుసు కదా, కొంపాద్రే!"

పక్క కిటికీలో యాత్రికురాలు అతని వైపు ఒకసారి, గోడ చెక్కల వైపు ఒకసారి చూసింది.

"మాకు కడతారా?" అని వెనక కారువాడు అద్దం దించి అడిగాడు. బెలార్మీనో ఆ కారునూ, దాని వెనక కారునూ దాటుకుంటూ ఊరి వైపు దిగిపోయాడు.