పొట్టి రాడ్డు, పెద్దాయన భుజం

మా షాపులో చేపల వేట సామాను అమ్ముతాం. ఈ సాయంత్రం మా పాత కస్టమర్, స్కాట్లాండ్ పెద్దాయన, చాన్నాళ్లకు వచ్చాడు. భుజానికి ఆపరేషన్ అయ్యాక వేట మానేశాడట. వెంట ఆయన ఇంట్లో పనిచేసే మేరమ్మక్క, రాజోలు మనిషి.

రెండు చేతులతో విసిరే ఫ్లై రాడ్లు, అంటే పొడవాటి గాలం కర్రలంటే ఆయనకు ప్రాణం. తాత వాడింది బరువైన చెక్క రాడ్డు. తండ్రిది వెదురు బద్దలది. ఈయనది పదిహేనడుగుల కార్బన్‌ది. నేను ఇప్పుడొస్తున్న తేలికపాటి పదకొండడుగులది చేతికిచ్చాను.

“పిల్లల బొమ్మ,” అంటూ మొహం తిప్పుకున్నాడు.

“ఒక్కసారి విసరమను తమ్ముడూ. ఇంటికాడ ఆ పాతదాన్నే చూస్తా కూర్చుంటున్నారు,” అంది మేరమ్మక్క.

“నడువక్కా, ఎనుక పార్కింగ్‌ల జాగున్నది,” అన్నాను.

కొక్కెం కట్టకుండా దారం ఒక్కటే విసిరాడు. అది కాళ్ల దగ్గరే పడింది. రాడ్డు నాకు తిరిగి ఇవ్వబోతుంటే మేరమ్మక్క పట్టుకుంది.

“పైన నేను పట్టుకుంటా, కింద మీరు లాగండి సార్,” అంది ఆయనకు కాస్త వచ్చిన హిందీలో.

ఈసారి దారం సాఫీగా అవతలి గోడ దాకా పోయింది. పెద్దాయన పకపకా నవ్వాడు.

“శనివారం సముద్రానికి వస్తావా?” అని ఆమెను అడిగాడు.

“నాకు పులుసు పెట్టడమే వచ్చు సార్!”

రాడ్డు కొనుక్కుని వెళ్లారు. శనివారం నాకూ సెలవే. వేటకు కాకపోయినా పులుసుకైనా పిలుస్తారంటారా?