పెన్ డ్రైవ్ చుట్టూ పెట్టిన గడ్డి

ఆన్‌లైన్‌లో కొన్న పెన్ డ్రైవ్ ఈ రోజు నేను పనిచేసే పుంగనూరులో కొరియర్ ఆఫీసుకు వచ్చింది. వస్తువు వేలెడంత, పెట్టె మాత్రం చంకలో పట్టనంత. దాన్ని మోసుకుని చౌడేపల్లె దగ్గర మా అత్తగారి ఊరికి పోయాను. తెరిస్తే లోపల ఇంకో పెట్టె, దాని చుట్టూ గడ్డిలా సన్నగా కత్తిరించిన ప్లాస్టిక్ పీలికలు.

ఆ ఇంటికి మామిడిపండ్ల పెట్టె వచ్చినా, గాజు సామాను వచ్చినా, లోపలి ఎండుగడ్డి ఆవుకు పోతుంది. మా అత్త అలవాటుగా ఈ పెట్టెను కూడా ఆవు ముందర బోర్లించింది. నేను చూసేసరికి ఆవు నమలడం మొదలుపెట్టింది. ఆ ఇంటికి ఉన్న పాడి అదొక్కటే. పరుగెత్తి దవడ పట్టుకుని, పీలికలన్నీ చేత్తో లాగేశాను.

మా అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. అందుకని ఆవుతో మాట్లాడింది.

“యాల తింటివే? గడ్డి అనుకుంటివా? సదువుకున్నోళ్లు వేలెడంత సామానుకు గంపెడు సెత్త సుట్టించుకుంటారు. తింటే నువ్వు సస్తావు, పారేస్తే మట్టిలో కలవదు. నీకూ తెల్దు, వాళ్లకూ తెల్దు.”

“ఇంకోసారి ఇట్లాంటిది తెప్పియ్యనులే” అని నేనూ ఆవుకే చెప్పాను.

సాయంత్రం ఆవు మామూలుగానే పాలిచ్చింది. నేను బయలుదేరేటప్పుడు మా అత్త ఎప్పుడూ ఒక సంచిలో వేరుశనక్కాయలు పోసి పంపిస్తుంది. ఈ రోజు సంచి నిండా పీలికలే పంపింది. మదనపల్లెలో మా ఇంటి దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. బయట పడేద్దామంటే మా వీధిలోనూ ఆవులు తిరుగుతాయి. దీన్ని ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.