మూకుడుకి అంటిన పాకం

గుడ్లవల్లేరులో రాజకుమారి పదహారేళ్ళుగా ఇంట్లోనే వేరుశనగ అచ్చులు చేసి అమ్ముతోంది. పాకం పట్టిన మూకుడును మాత్రం ఎవరినీ తోమనివ్వదు. గీకితే గీతలు పడతాయి, మళ్ళీసారి పాకం అక్కడే పట్టుకుంటుందంటుంది. సగానికి నీళ్ళు పోసి, పొయ్యి మీద మరగనిచ్చి, అంటినది తనంతట తాను వదిలేదాకా పక్కనే కూర్చుంటుంది.

ఆ శుక్రవారం ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, సాయం చేద్దామని కోడలు షీబా మూకుడు అందుకుంది. అడుగున పాకం గాజులా గట్టిపడింది. అట్లకాడతో పొడిస్తే ముక్క ఎగిరి గోడకు తగిలింది. అత్తగారి పద్ధతే నయమనుకుని నీళ్ళు పోసి మంట పెట్టింది. కాసేపటికి నీళ్ళు డికాక్షన్‌లా నల్లబడ్డాయి.

"అత్తయ్యా, పాకం మాడిందండీ."

"మాడలేదు. పాకం పట్టినంతసేపూ నేను పక్కనే ఉన్నానుగా."

"వాసన రావట్లేదా మీకు? వీధిలోకి కొడుతోంది!"

రాజకుమారి తల తుడుచుకుంటూ వచ్చి మూకుడు మీదకు వంగింది. ముఖానికి ఆవిరి తగిలింది, అంతే. కరోనా జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఆమెకు ఏ వాసనా తెలియదు. ఎవరికీ చెప్పలేదు. షుగరు వచ్చాక రుచి చూడటమూ మానేసింది. పాకం చుక్క నీళ్ళలో వేసి, గట్టిపడ్డాక గిన్నెకేసి కొడితే వచ్చే చప్పుడును నమ్ముకుని నెట్టుకొస్తోంది. ఇవాళ చప్పుడు బాగానే వచ్చింది.

గుడివాడలో ప్రేమ్ సాగర్ గారింట పుట్టినరోజు ప్రార్థనకని నాలుగు డబ్బాలు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. షీబా ఒక అచ్చు విరిచి నోట్లో వేసుకుంది.

"చివర్న కాస్త చేదు. పిల్లలేం కనిపెడతార్లెండి."

ఇంతలో బయట బండి ఆగింది. ప్రేమ్ సాగర్ గారి బావమరిది పున్నారావు.

"వందనాలు అక్కగారూ! దారిలో తినకుండా తెస్తానని నన్ను పంపారు. చూశారా వాళ్ళ నమ్మకం!"

రాజకుమారి డబ్బా మూత మీద చెయ్యి వేసి నిలబడింది. ఈ నాలుగూ ఇచ్చేస్తే ఇవాళ్టికి గడిచిపోవచ్చు. రేపు పొయ్యి దగ్గర నిలబడేదీ ఈ ముక్కుతోనే.

"ఇవి మాడాయండీ. ఇవ్వను. గంటన్నర కూర్చోండి, మళ్ళీ చేసిస్తాను."

"ఆరింటికల్లా ప్రార్థనండీ!"

"మీ పాస్టరు గారు ఏనాడు ఆరింటికి మొదలెట్టారు?"

పున్నారావు నవ్వి కుర్చీ లాక్కున్నాడు.

ఆమె నల్లనీళ్ళు పారబోసి, కడిగిన మూకుడులో కొత్త బెల్లం వేసింది.

"షీబా, ఇలా వచ్చి నిలబడు. మాడు వాసన తగిలితే చెప్పు. నాకు తెలీదు. నాలుగేళ్ళయింది."

షీబా వచ్చి పక్కన నిలబడింది. "మరి నేను మాడ్చిన కూరలన్నీ బావున్నాయన్నారు?"

"ముక్కు పోయింది గానీ నాలిక పోలేదుగా. చేదు తెలిసినా ఊరుకున్నాను."

బెల్లం కరిగి నురుగు లేచింది. షీబా వంగింది.

"ఇప్పుడు?"

"ఇంకా లేదండీ."

రాజకుమారి పాకం వంక చూడలేదు. కోడలి ముఖం వంకే చూస్తూ గరిటె తిప్పుతోంది.