ఫొటో అక్కయ్య తెల్లవారుజాములు

వీధిలో అందరికీ ఆవిడ ఫొటో అక్కయ్యే. మెట్ల కింది గదిలో స్టూడియో. తెల్లటి పరదా, గుండ్రటి స్టూలు, చంటిపిల్లల్ని నవ్వించడానికి చెవి ఊడిన బొమ్మ కుందేలు. "గడ్డం కాస్త దించండి. అంత బిగుసుకుపోతే ఎలా, నేనేం ఇంజెక్షన్ ఇవ్వట్లేదుగా" అంటూ పొద్దస్తమానం మొహాలు తీయడమే పని. ఎవరి ఫొటో ఎలా వచ్చినా "బ్రహ్మాండంగా వచ్చింది" అని చేతిలో పెడుతుంది. అందులో సగం పచ్చి అబద్ధమని ఆవిడకీ తెలుసు, పుచ్చుకునేవాళ్ళకీ తెలుసు.

తెల్లవారకముందు మాత్రం ఆవిడ లోకమే వేరు. ఊరంతా గుర్రుపెట్టే వేళ బూట్లు చేత్తో పట్టుకుని పిల్లిలా గడప దాటుతుంది. మెట్ల మీద కూచుని తొడుక్కుని, కెమెరా స్టాండు భుజాన వేసుకుని, ఊరి బయటి గుట్ట ఎక్కుతుంది. పైనుంచి వెనక్కి తిరిగి చూస్తే కింద లోయ, దాని అంచునే మెలికలు తిరిగే కాలిదారి. చలికాలంలో కొన్ని ఉదయాలు ఆ లోయంతా పొగమంచుతో నిండిపోతుంది. మధ్యలో ఒక్క నల్లరాయి మాత్రం తలెత్తి నిలబడుతుంది. ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే ఆ దృశ్యాన్ని పట్టాలి. ఎండ పొడ తగిలిందా, మంచు మాయం.

పోయిన చలికాలం తడిరాయి మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా స్టూడియో నడిపింది భర్తే. ఆయన రాత్రి బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి, ఒక కాలు కాస్త ఈడ్చి నడుస్తాడు. ఆయన తీసిన ఫొటోల్లో వీధిలోవాళ్ళందరికీ సగం సగం తలలే. పెద్దమనుషులు కూడా అలిగారు.

"ఇక ఆ గుట్ట మాటెత్తకు" అన్నాడాయన.

"ఆ ఒక్క ఫొటో సరిగ్గా రానివ్వండి. వచ్చిన రోజునే బూట్లు అటకెక్కిస్తాను" అని ఒట్టేసింది ఆవిడ.

అక్కడే చిక్కొచ్చిపడింది. ఒకరోజు మంచు పల్చబడిందంటుంది, ఇంకోరోజు రాయి పక్కకి పోయిందంటుంది. రాయి ఎక్కడికి పోతుందండీ! అసలు సంగతి, ఫొటో నిజంగానే వచ్చేస్తుందేమోనని ఆవిడకి గుండెల్లో రాయి పడింది. ఆ తడిగడ్డి వాసన, ఎవరూ ఏమీ అడగని ఆ కాసేపు పోతే, మిగతా రోజంతా ఎవరినీ నవ్వించలేనని భయం.

అలాంటిది ఆ రోజు ఏ వంకా దొరకలేదు. గాలి లేదు. మంచు లోయ నిండా కదలకుండా పడుకుంది. రాయి దాని మీద తేలుతున్నట్టుంది. తను నిలబడిన నేల కూడా మెల్లగా తేలుతోందనిపించింది. చీకట్లో ఫొటో పడాలంటే కెమెరా కన్ను కొన్ని నిమిషాలపాటు తెరిచే ఉంచాలి. తెరిచింది. వస్తోంది, ఈసారి వచ్చేస్తోంది అనుకుంటే ఏడుపొచ్చింది.

అప్పుడు కింద దారిలో చిన్న దీపం కదిలింది.

ఇలా పరాయి వెలుగు అడ్డొస్తే కెమెరా కంటికి అడ్డుపెట్టడానికి ఆవిడ చేతిలో ఎప్పుడూ నల్లటి అట్టముక్క ఉంటుంది. చెయ్యి సగం లేచింది. టార్చి పట్టుకున్న మనిషి ఒక కాలు కాస్త ఈడుస్తూ వస్తున్నాడు. ఆ నడక ఆవిడకి తెలియనిదా? ఎన్నో ఏళ్ళు ఈయన రాత్రి బస్సు తోలుతుంటే, ఇంట్లో కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది తను. ఆవిడ చెయ్యి దించేసింది.

ఆయన రొప్పుతూ పైకొచ్చాడు. "ఫోను బల్ల మీదే వదిలేసి వస్తే ఎలా? చూస్తే బయట కళ్ళముందు చెయ్యి పెట్టుకున్నా కనబడట్లేదు. ఒకసారి పడ్డావు, చాలదా?"

ఆవిడ కెమెరా కన్ను మూసి, వెనక తెర చూపించింది. నీలపు మంచు, నల్లరాయి, లోయ అంచున ఊరి నుంచి గుట్ట దాకా వంకర్లు పోతూ సన్నటి బంగారు గీత. గీత ఉంది గాని మనిషి జాడ లేదు.

"నేనేనా ఇది? నేను కనబడనేం?"

"చీకట్లో నడిచే మనిషి ఫొటోలో పడడండీ. వెలుగొక్కటే పడుతుంది."

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "ఇంతకీ ఇది వచ్చినట్టా, రానట్టా?"

ఇన్నేళ్ళలో తను తీసినవాటన్నిటిలోకీ మంచిది ఇదేనని ఆవిడకి తెలిసిపోయింది. కళ్ళు చెమర్చాయి.

"రాలేదండీ. టార్చి పడి పాడైపోయింది."

ఆయన తెరకేసి మళ్ళీ చూశాడు. ఆవిడ మొహంకేసి చూశాడు. స్టాండు మడిచి తన భుజానికెత్తుకున్నాడు.

"అయితే రేపు నన్ను కూడా లేపు" అన్నాడు. "లేపడమేంలే, నువ్వెళ్ళాక నాకెటూ నిద్ర పట్టదు."