తాంబాలంలో కిరోసిన్

ఆదివారం పొద్దున మా గదిలోంచి పెట్రోలూ ఇంజన్ ఆయిలూ కలిసిన వాసన లేస్తే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే ఆకలేస్తుంది. నవ్వితే నవ్వండి, ఉన్నమాట చెబుతున్నాను. చిన్నప్పుడు మా ఒక్కగది ఇంట్లో పొయ్యికీ, మా బాపు విప్పి పరిచిన ఇంజనుకూ మధ్య జానెడు జాగా ఉండేది. ఉల్లిగడ్డ వేగే వాసనా కిరోసిన్ వాసనా ఒకేసారి ముక్కుకు తగిలేవి, ఆ అలవాటు నలభై దాటినా వదల్లేదు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని చీరల డిజైన్లు వేసే నేను, ఆదివారం తలకు గుడ్డ చుట్టుకుని బాపు పాత మోటార్ సైకిల్ ముందు చతికిలబడతాను. కార్బురేటర్ విప్పి ఊదుతాను, ప్లగ్గును గరుకు కాగితంతో రుద్దుతాను, దొరకని సామాను కోసం శనివారాలు తాపీ నది ఒడ్డున పాత ఇనుము పరుచుకుని కూర్చునేవాళ్ల దగ్గర ఎండలో వెతుకుతాను. గల్లీ చివర మొబైల్ దుకాణం నడిపే అతను మొన్న ఆగి, "దీదీ, గాడీ ఏక్‌దం మస్త్ హై, బేచ్‌నా హై క్యా?" అని అడిగాడు. అమ్మేదైతే ఇన్నేళ్లు ఎందుకు తుడుస్తానయ్యా అని కసిరాను గానీ, అతను వెళ్లిపోయాక, అతనితో ఇంకాసేపు మాట్లాడి ఉంటే ఏం పోయేది అనిపించింది.

సూరత్‌లో నా చిన్నప్పటి గోడాదరా పేట అంటే ముందు చప్పుడు, ఆ తర్వాతే మిగతావన్నీ. మా గల్లీకి రెండు వైపులా మగ్గాల షెడ్లు, పగలు పాళీ, రాత్రి పాళీ అంటూ ఎడతెగకుండా నడిచేవి. గోడకు ఆనించిన పళ్లెం వణికేది, బిందెలో నీళ్ల మీద సన్నని ముడతలు పడేవి, వానాకాలం ఉరుము ఉరిమినా మెరుపు చూసిన వాళ్లకే తెలిసేది. సిరిసిల్ల దిక్కునుంచి వచ్చిన నేతపని చేసే మా సాలోళ్ల ఇళ్లలో గుసగుస అన్నది లేదు. మగ్గాల మధ్య మాట వినపడదు కనుక పెదాలు చూసి మాట పట్టుకోవడం, చేతులతో జవాబు చెప్పడం మాకు అక్షరాల కంటే ముందే వచ్చేవి. బాపు రెండు చెవులనూ ఆ మగ్గాల మోత సగం సగం తినేసింది. అమ్మ మాత్రం బాబిన్లకు దారం చుట్టే పని ఇంట్లోనే చేసేది కాబట్టి ఆమె చెవులు చురుగ్గా ఉన్నాయి, దానికి తగ్గట్టు నోరు కూడా.

ఆ మోటార్ సైకిల్ బాపు పనిచేసే కార్ఖానా వెనక రేకుల కింద ఏళ్ల తరబడి తుప్పుపట్టి ఉండేది. షెడ్డు పెద్దది చేస్తూ సేఠు దాన్ని పారేయబోతుంటే, బాపు తనకిమ్మని అడిగి, గాలి లేని చక్రాల మీద దాన్ని తోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. ఆరోజు ఆయన ముఖం చూడాలి, పెళ్లికూతుర్ని తెచ్చినట్టే ఉంది! "మగ్గం విప్పి బిగిచ్చెటోనికి గిదెంత?" అన్నాడు. ఇక చూడండి, ఇల్లు పీకి పందిరేశాడు. సీటు మంచం మీద, టాంకు దేవుని అర కింద, క్లచ్ ప్లేట్లు నా పుస్తకాల పక్కన. ఆయనకు తెలిసిందల్లా మగ్గమే కనుక బండినీ మగ్గంలాగే చూశాడు: తెగిన తీగలకు నేతగాళ్ల ముడి వేశాడు, గొలుసుకు మగ్గం నూనె పోశాడు, చిన్న చిన్న నట్లు కలిసిపోకుండా రంగు రంగుల దారాలతో గుర్తులు కట్టాడు. వారానికొక్క సెలవురోజు కూడా దాంతోనే గడిపేవాడు. అమ్మ అరిచేది, కానీ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, ఆయన నవ్వుతూ ఇంకో నట్టు విప్పేవాడు.

ఆ యేడు సద్దుల బతుకమ్మ వచ్చింది. సూరత్‌లో తంగేడు పువ్వు కంటికి కనపడదు. గునుగు పువ్వు కోసం మా ఆడవాళ్లు తెల్లవారుజామునే గుంపుగా డిండోలి దిక్కు రైలు పట్టాల వెంట వెతుక్కుంటూ పోయేవాళ్లు, మిగిలింది బజారులో కొన్న బంతిపూలతో సరిపెట్టేవాళ్లు. అమ్మ ముందురోజే నువ్వులు వేయించి పొడికొట్టింది, చింతపండు నానేసింది, రొట్టెలూ బెల్లమూ కలిపి మలీద ముద్దలు కట్టింది. పొద్దున నన్ను వెంటేసుకుని, ఒడినిండా గునుగు కోసుకుని ఇంటికొచ్చేసరికి, ఆమె తల్లిగారు పెళ్లికి పెట్టిన ఇత్తడి తాంబాలం, ఏడాదికోసారి బతుకమ్మను పేర్చడానికి తప్ప అటక దిగని తాంబాలం, గది మధ్యలో ఉంది. దాన్నిండా కిరోసిన్. కిరోసిన్‌లో పిస్టనూ, పళ్ల చక్రాలూ, నల్లటి మడ్డీ. వెడల్పాటి గిన్నె ఏదీ దొరక్క ఒక్క పూట తీసుకున్నాడట బాపు, అమ్మ వచ్చేలోపు కడిగి పెట్టేద్దామనుకున్నాడట.

అమ్మ ఒళ్లోని పువ్వు మొత్తం నేల మీద పడిపోయింది. "బతుకమ్మను వేర్చే తాంబాలంల గ్యాసునూనె పోస్తవా? నీకీ తుక్కే పెండ్లాం, దీంతోనే ఉండు!" అంది. "కడిగితె పోతదే, గంతకే గిట్ల జేస్తవేంది" అన్నాడు బాపు. ఎంత కడిగినా ఆ వాసన పోలేదు. ఆ సాయంత్రం గల్లీలో అందరి బతుకమ్మలూ ఇత్తడి పళ్లాల్లో ఉంటే మాది స్టీలు కంచంలో పొట్టిగా, వంకరగా కూర్చుంది. అమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టింది కానీ నోరు తెరిచి పాడలేదు. దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి వచ్చిన మేనమామతో కలిసి మర్నాడే రైలెక్కి పుట్టింటికి వెళ్లిపోయింది. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "గా బండి నడిచిననాడు నేను మల్ల ఈ గడప తొక్కుత, తియ్!" అంది. బాపుకు వినపడలేదు. నాకు వినపడింది. కోపంలో అన్న మాటను మాటగానే పట్టుకునే వయసు నాది, అందుకే బండి నడిస్తే అమ్మ వస్తుంది, నడవకపోతే రాదు అని తేల్చుకుని, బాపుకు ఆ మాట పెదాలతో విడమరిచి చెప్పాను. ఆయన రెంచీ అందుకున్నాడు.

అమ్మ లేని ఆ రోజుల్లో పక్కింటి రాజవ్వ పెద్దమ్మ మధ్యాహ్నం అన్నం పెట్టేది, కానీ ఆమె కూరలో కారం వేరు, మా అమ్మ కారం వేరు. పొద్దున బాపే జడ వేసేవాడు. దారం పేనినట్టు బిగించి, చివర రిబ్బనుకు నేతగాళ్ల ముడి వేసేవాడు. అది ఎవరి వల్లా విడిపోయేది కాదు, సాయంత్రం రిబ్బను కత్తిరించాల్సి వచ్చేది, రోజుకింత పొట్టిదై చివరికి వేలెడు మిగిలింది. పాళీ నుంచి వచ్చి, ముఖమన్నా కడుక్కోకుండా ఆయన బండి దగ్గర కూర్చునేవాడు. నేను ఎదురుగా కూర్చుని దారాల రంగు చూసి నట్లు అందించేదాన్ని. మధ్యమధ్య ఆ తాంబాలాన్ని చింతపండూ బూడిదా వేసి తోమి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా ముక్కు దగ్గరా పెట్టి, నేను తల అడ్డంగా ఊపితే మళ్లీ తోమేవాడు. ఒక్కోసారి నాకు బండి మీద ఎంత కోపమొచ్చేదంటే, బాపు అటు తిరిగినప్పుడు దాన్ని కాలితో తన్నేదాన్ని, వెంటనే భయమేసి, ఇక నడవదేమోనని చేత్తో నిమిరేదాన్ని.

దీపావళికి కొన్నాళ్ల ముందు, ఆయన వంతు సెలవు పడిన ఒకరోజున, కిక్కు కొట్టి కొట్టి బాపు మోకాలు పట్టుకున్నాక, బండి ఒక్కసారి దగ్గి, తెల్లటి పొగ కక్కి, అందుకుంది. మగ్గాల మోతలో ఆయనకు ఆ సంగతే తెలియలేదు, ఇంకా కిక్కు మీద కాలు వేస్తూనే ఉన్నాడు! నేను ఆయన చెయ్యి లాగి టాంకు మీద పెట్టాను. అరచేతికి ఇంజను కొట్టుకోవడం తగిలాక ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరం బండిని గల్లీ మొగలో ఉన్న ఎస్టీడీ బూత్ దాకా తెచ్చాం. అమ్మ వాళ్ల ఊళ్లో కిరాణా దుకాణానికే ఫోన్ ఉండేది. పిలిపించమని చెప్పి, కాసేపాగి మళ్లీ చేయాలి. అమ్మ లైన్లోకి వచ్చింది. నేను రిసీవర్‌ను తీగ సాగినంత మేరకు బయటికి చాపాను, బాపు బండిని అదరగొట్టాడు. "మగ్గాలే ఇనొస్తున్నయి బిడ్డా, బండేది?" అంది అమ్మ. నడుస్తుందే, నిజంగా నడుస్తుందే అని అరిచాను. "మీ బాపు ఎప్పటికి గట్లనే అంటడు" అని పెట్టేసింది. నేను బూత్ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

దీపావళి సెలవులకు సూరత్‌లో మగ్గాలన్నీ ఆగుతాయి. అందరూ ఊళ్లకు పోతారు. రాజవ్వ పెద్దమ్మ వాళ్లు కూడా మూటలు కట్టుకుని, పోతూ పోతూ నా చేతిలో ఇన్ని మురుకులు పెట్టి వెళ్లారు. గల్లీలో తాళం లేని ఇల్లు మాదొక్కటే. అచ్చన గాయలు ఆడాలన్నా జత లేదు, పటాకులు కాల్చినా చూసేవాళ్లు లేరు. షెడ్లు మూగవోయాక నాకు మా గది గోడలు నిలకడగా ఉండడం చూసినా భయమేసింది; ఎక్కడో కుక్క మొరిగితే ఉలిక్కిపడేదాన్ని. ఆ సద్దులేనితనంలోనే బాపు నా భుజం తట్టి, పెదాలతో, "ఇప్పుడు ఇనవడ్తది, నడువ్" అన్నాడు.

బూత్ నడిపే గుజరాతీ కాకా పండుగ సెలవుల్లోనూ తలుపు తీసే ఉంచాడు. మళ్లీ అమ్మను పిలిపించాం. మళ్లీ రిసీవర్ చాపాను. ఆ ఖాళీ వీధిలో బండి ఎంత గట్టిగా మోగిందంటే పావురాలన్నీ లేచిపోయాయి. రిసీవర్ చెవికి పెట్టుకున్నాను. "ఇన్న" అంది అమ్మ. ఆ వెంటనే, "తాంబాలం తోమిండా?" అని అడిగింది. "రోజు తోముతుండు గని వాసన పోతలేదు" అన్నాను. అమ్మ ఫక్కున నవ్వింది, ఆ నవ్వు చివర ఏడుపు వినపడింది. "ఒస్త. మీ బాపుకు చెప్పు" అంది.

దీపావళి మర్నాడు, గుజరాతీల కొత్త సంవత్సరంనాడు పొద్దున్నే అమ్మ వచ్చింది. వీధుల్లో ఆరోజు శుభమని కొనే ఉప్పు పొట్లాలు అమ్మే పిల్లలు "సబ్‌రస్" అని కేకలు వేస్తూ తిరుగుతుంటే, బాపూ నేనూ బండి మీద స్టేషన్‌కు వెళ్లాం. అమ్మ సంచీతో బయటికి వచ్చి, నా జడ చూసి తల కొట్టుకుంది, బండి చుట్టూ ఒకసారి తిరిగింది, "ముగ్గురం వడ్తమా దీనిమీద?" అంది. పట్టాం. ముందు బాపు, వెనక అమ్మ, మధ్యలో నేను. నా ముక్కు బాపు చొక్కాకు ఆని నలిగిపోయింది, అమ్మ గడ్డం నా నడినెత్తి మీద, సంచీ నా తొడ మీద. స్టేషన్ నుంచి గోడాదరా దాకా నాకు కనపడిందల్లా ఆ చొక్కా నేతే. గుంతలు వస్తే ఎగిరిపడడం, మలుపు వస్తే ముగ్గురం కలిసి ఒరగడం, అంతే తెలిసింది. "మెల్లగ పొమ్మను" అని అమ్మ నాకు చెప్పేది, నేను బాపు వీపు మీద చేత్తో తట్టేదాన్ని. ఊపిరాడలేదు. అంత సుఖం నేను మళ్లీ ఎరగను.

ఆ తర్వాత బండి ఏళ్లపాటు నడిచింది, ఆగింది, టార్పాలిన్ కిందికి చేరింది. బాపు పోయాడు, కొన్నేళ్లకు అమ్మా పోయింది. సంబంధాలు వస్తూ పోతూ నా పెళ్లీడు దాటింది, ఇక చూసేవాళ్లూ లేరు, అడిగేవాళ్లూ లేరు. రాజవ్వ పెద్దమ్మ వాళ్లు సిరిసిల్లకు తిరిగి వెళ్లిపోయారు. మా గల్లీ షెడ్లు కూలగొట్టి గదులు కట్టారు, మగ్గాలు ఊరి బయటికి పోయాయి, బూత్ ఉన్నచోట చాట్ బండి నిలబడుతుంది. ఇప్పుడు గల్లీలో పెదాలు చూసి మాట పట్టేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ అన్నీ వినపడతాయి, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. గునుగు కోయడానికి పోదామంటే తోడు వచ్చే మనిషి దొరకదు. టార్పాలిన్ తీసి ఆ బండిని మళ్లీ పట్టుకున్నది ఎందుకని అడిగితే ఏం చెప్పను, ఇంట్లో నాకు పని చెప్పేది అదొక్కటే.

పోయిన ఆదివారం ఇంజను చక్కగా కుదిరింది. ఊరికే స్టేషన్ దాకా వెళ్లాను, దిగలేదు, తిప్పుకుని అదే దారిన వచ్చాను. సహారా దర్వాజా దాటాను, పర్వత్ పాటియా దాటాను. ఇన్నాళ్లకు ఆ దారిలో ఏమేం ఉన్నాయో చూశాను: చీరల గోదాములు, ఒక చిన్న దర్గా, వంతెన నీడలో చెరుకురసం బండ్లు, ఎండలో మెరిసే రోడ్డు. ముందు ఎవరి వీపూ అడ్డం లేదు. దారంతా కనిపించింది.