సముద్రం వైపు పైపు లేదు

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేసిన ఏడాది, దసరా సెలవులు ముగిసిన వారంలో, సముద్రతీరపు రిసార్టు పని ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. అప్పుడు నేను పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో ఉన్న ఒక ఇంజనీరింగ్ కన్సల్టెన్సీలో బయటి లైటింగ్ విభాగానికి హెడ్‌ని. పదవి పేరు చీఫ్ డిజైనర్. పేరు ఘనంగానే ఉండేది, కింద పనిచేసేది మాత్రం ఇద్దరే. భవనం లోపలి దీపాలు వేరేవాళ్లు చూసేవారు. గేటు, తోట, దారులు, పార్కింగు, చీకటి పడ్డాక ఆరుబయట వెలగాల్సినదంతా నా లెక్క.

రిసార్టు బాపట్ల వైపు కడుతున్నారు. యజమాని యాదగిరి శ్రీనగర్ కాలనీలో ఉంటాడు, ఫంక్షన్ హాళ్లు నడిపి పైకొచ్చినవాడు. మనిషి మంచివాడే. కాకపోతే లైటింగ్ అంటే ఆయనకు పెళ్లి పందిరే. మొదటి మీటింగులోనే చెప్పేశాడు: "మేడమ్, సముద్రంల పడవ మీదున్నోనికి సుత మన రిసార్టు కనబడాలె. మస్తు మెరవాలె." ఆయన కోరినట్టే ఇసుక వైపు ఎత్తైన స్తంభాలు, తెల్లటి ఫ్లడ్‌లైట్లతో తొలి ముసాయిదా తయారైంది.

మా పనిలో డ్రాయింగు ఎన్నిసార్లయినా మారుతుంది. చివరికి దాని మీద జీఎఫ్‌సీ ముద్ర పడాలి. ఇక ఇలాగే కట్టండి అని ఆ ముద్రకు అర్థం. కింద విభాగం హెడ్ సంతకం లేకపోతే సైటులో ఎలక్ట్రీషియన్ ఒక్క గుంత తవ్వడు. ఈ పనిలో విద్యుత్ తనిఖీకి పెట్టిన దరఖాస్తు కూడా నా పేరుతోనే వెళ్లింది. మధ్యలో పేరు మార్చాలంటే అంతా మొదటినుంచి దాఖలు చేయాలి.

ముద్ర వేయడానికి ముందు ఒక మధ్యాహ్నం రిసెప్షన్‌లో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పెద్దావిడ నాగేశ్వరమ్మ, ఆమెది రిసార్టు పక్కనే ఉన్న మత్స్యకారుల ఊరు. చిన్నమ్మాయి ఆమె కూతురు, మైత్రీవనం దగ్గర హాస్టల్లో ఉండి సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తోంది. సైటు ముందు బోర్డు మీద మా ఆఫీసు పేరు చూసి, వెతుక్కుంటూ వచ్చారు.

చలికాలం చివర్లో సముద్రపు తాబేళ్లు ఆ ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నాగేశ్వరమ్మ, ఊళ్లో మరికొందరు వాటికి కాపలా. జీతం లేదు, ఎవరూ చెయ్యమని చెప్పలేదు. తెల్లవారకముందే ఒడ్డంతా నడిచి, ఇసుకలో తాబేలు పాకిన జాడ పట్టుకుని, కుక్కలు తవ్వేలోగా గుడ్లు తీసి, చుట్టూ వల కట్టిన ఇసుక మడిలో పూడ్చిపెడతారు. పిల్లలు బయటికొచ్చాక నీళ్ల అంచు దగ్గర వదులుతారు. వేటకు పోయినప్పుడు వలలో తాబేలు పడితే బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి సముద్రంలోకి వదిలే ఆచారం వాళ్ల తాతల నాటిది. ఈ కాపలా దానికి కొనసాగింపు అనుకుంటారు.

"పోయినేడు మా ఊరికి అవతల ఇంకో రిసార్టోళ్లు లైట్లు పెట్టారమ్మా," అంది నాగేశ్వరమ్మ. "మా కంటబడని గుడ్ల పిల్లలు ఆ వెలుతురే సముద్రం అనుకుని అటు పోయినయి. తెల్లారేసరికి కార్లు పెట్టే చోట చచ్చి పడున్నయి. చేటలతో ఎత్తాం. మీరూ అట్టాగే పెడితే మేం కాపలా కాసి ఏం లాభం?"

విషయం ఇది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు దారి చెప్పేది వెలుతురే. మామూలుగా రాత్రిపూట ఒడ్డున అన్నిటికంటే తేటగా కనిపించేది సముద్రం, కాబట్టి అటు నడుస్తుంది. మనం ఇటు ఫ్లడ్‌లైటు పెడితే ఇటు నడుస్తుంది. చేటలతో ఎత్తాం అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. ఉద్యోగమంతా దీపం ఎంత దూరం వెలగాలని అడిగినవాళ్లే గానీ, ఎక్కడ వెలగకూడదని అడిగిన మనిషి నాకు ఈమే మొదలు.

డ్రాయింగు మార్చాను. ఇసుక వైపు స్తంభాలన్నీ కొట్టేశాను. తోట దారిలో మోకాలి ఎత్తు దీపాలు, పైన మూత, వెలుతురు కిందికే పడేలా, నారింజ రంగువి పెట్టాను. మా ఎండీ మూర్తిగారు ఏలూరు నుంచి వచ్చి స్థిరపడినవారు, నెమ్మదస్తులు. "ఏంటండీ సుజాతగారూ, క్లయింటు వెలుగు అడిగితే మీరు చీకటి గీశారు?" అన్నారు. క్లయింటును నేనే ఒప్పిస్తానన్నాను.

మాకప్ అంటే పని మొదలుకాకముందు నమూనా దీపాలు వెలిగించి చూపడం. మా భవనం సెల్లార్ పట్టపగలే చీకటిగా ఉంటుంది. కార్లు తీయించి అక్కడే ఏర్పాటు చేశాను. యాదగిరిని ఒక కొసన నిలబెట్టి, ముందు ఫ్లడ్‌లైటు వేసి, అవతలి కొసన ఎవరున్నారో చెప్పమన్నాను.

"ఏం కనబడ్తలేదు. కండ్లు గుంజుతున్నయి."

దాన్ని ఆర్పి, మూత దీపాలు వేసి, కళ్లు అలవాటు పడేదాకా ఆగాను. "ఎవరో ఆడమనిషి నిలబడ్డది," అన్నాడు.

"నేనేనండీ, నాగేశ్వరమ్మని. సముద్రం పక్క నుంచి వచ్చాను," అని ఆ కొస నుంచి గొంతు వచ్చింది. ఆమెను ముందే పిలిపించి అక్కడ నిలబెట్టింది నేనే. అందరం నవ్వాం, యాదగిరి కూడా. సముద్రం చూడటానికి వచ్చినవాళ్లకు సముద్రం కనబడాలంటే లైటు తీయక తప్పదని ఆయనే అన్నాడు. రోడ్డు వైపు గేటును మాత్రం ఆయన ఇష్టం వచ్చినట్టు మెరిపిస్తానని నేను మాటిచ్చాను.

మూర్తిగారు మిఠాయి తెప్పించారు. పెట్టె విప్పుతుండగా యాదగిరి మామూలుగా ఒక మాట అన్నాడు. "మేడమ్, లైట్లు తీసెయ్యుండ్రి, ఫికర్ లేదు. జర పైపులు మాత్రం ఏసి పెట్టుండ్రి. రేపు పనికొస్తయి."

స్పేర్ పైపు వేయడం మా వృత్తిలో మంచి అలవాటు. నేల మూసేముందే ఖాళీ పైపు పాతిపెడితే, తర్వాత తవ్వకుండా అందులోంచి కేబుల్ లాగవచ్చు. జూనియర్లకు నేనే నేర్పాను. అయితే ఇసుక వైపు ఖాళీ పైపు ఉంటే, మేం వెళ్లిపోయిన మర్నాడే ఎవరినీ అడగకుండా స్తంభాలు లేపవచ్చు. మూర్తిగారికి అందులో తప్పేమీ కనిపించలేదు. మిఠాయి పంచుతూనే ఉన్నారు.

"పైపు వెయ్యను," అన్నాను.

"ఖాళీ పైపుల ఏమున్నది మేడమ్?"

"గా పైపు ఖాళీగ ఎన్ని దినాలుంటదో మీకెరుక, నాకెరుక."

వేరే డిజైనర్‌ను పెట్టుకుంటానన్నాడు. పెట్టుకోమన్నాను. నా పేరు తీసి అన్నీ మళ్లీ దాఖలు చేస్తే ఆయన ముహూర్తం పెట్టుకున్న శివరాత్రికి రిసార్టు తెరుచుకోదని కూడా చెప్పాను. బెదిరింపా అని అడిగాడు. అనుకుంటే అనుకోండి, సిరిసిల్ల మొండిదాన్ని అన్నాను. మూర్తిగారు నన్ను పక్కకు పిలిచి, రిటైర్మెంట్ దగ్గర పెట్టుకుని ఎందుకండీ ఈ గొడవ అన్నారు. ఇప్పుడు కాక ఇంకెప్పుడు చేస్తానండీ అన్నాను.

ఏం జరుగుతోందో నాగేశ్వరమ్మకు అర్థం కాలేదు. యాదగిరి ముందే ఆమెకు పైపు సంగతి విడమరిచి చెప్పాను. చేతిలోని లడ్డూ తిరిగి పెట్టెలో పెట్టేసింది. "అయితే నాకొద్దండి. ఆ పైపు సంగతి తేలేదాకా నేను బండెక్కను," అని సెల్లార్ మెట్ల మీద కూర్చుంది. యాదగిరి ఆమెను దాటుకుని విసవిసా వెళ్లిపోయాడు.

ఆమె కూతురి హాస్టల్లోనే ఉండిపోయింది. రోజూ వచ్చి రిసెప్షన్‌లో కూర్చునేది. ఎవరితోనూ పోట్లాడలేదు, లేచి వెళ్లనూ లేదు. వారం తిరగకముందే యాదగిరి పైపులు లేని డ్రాయింగుకు ఒప్పుకుంటూ సంతకం పంపాడు. మనసు మారిందని నేను అనుకోను. ముహూర్తం తరుముకొచ్చింది. ఇసుక వైపు గీత గీసి, అది దాటి పైపు గాని, కేబుల్ గాని, పునాది గాని వేయరాదని రాసి ముద్ర వేశాను.

ఆ తర్వాత యాదగిరి మా సంస్థకు మరో పని ఇవ్వలేదు. నేను రిటైరయ్యేదాకా మూర్తిగారు నాకు ఆసుపత్రి పార్కింగులే అప్పగించారు. వాటినీ శ్రద్ధగానే గీశాను. వేసవిలో నాగేశ్వరమ్మ ఫోన్ చేసింది. రిసార్టు ముందు పిల్లలన్నీ తిన్నగా నీళ్లలోకి పోయాయట. అవతలి రిసార్టు దీపాలు మాత్రం ఇంకా వెలుగుతున్నాయని, వాళ్ల డిజైనర్ ఆఫీసు ఎక్కడో కనుక్కోమని కూతురికి పని చెప్పానని అంది.

ఈ పని నాకు నేర్పింది ఒక్కటే. దీపం తీయిస్తామని ఎవరైనా ఒప్పుకుంటారు. మిఠాయి ముట్టేముందు పైపు ఎటు పోతోందో అడగాలి.